కుట్టుపనిలో కరెంటు: మగ్గం వర్క్‌కి ఎల్ఈడీలు, సెన్సర్లు జోడించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. కుట్టు నేర్చుకున్నది మా పిన్ని దగ్గర. ఆరేళ్ళుగా ఈ రెండూ కలిపి బ్లౌజుల మీద, లంగా ఓణీల మీద, పిల్లల గౌన్ల మీద వెలిగే పువ్వులూ, ముట్టుకుంటే పలికే చిలకలూ కుడుతున్నాను. శని, ఆదివారాల్లో నేర్పిస్తాను కూడా. ఎవరు వచ్చినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

చీరకి సీరియల్ లైట్లు చుట్టడం లాంటిదేనా ఇది?

కాదు. స్టేజీ డ్రెస్సుల్లో చేసేది అదే. వెనకాల వైర్లు పరిచి, టేపు వేసి, నడుము దగ్గర బ్యాటరీ డబ్బా కట్టేస్తారు. అరగంట డ్యాన్సుకి అది చాలు. కూర్చుంటే గుచ్చుకుంటుంది, మడిస్తే వైరు విరుగుతుంది, ఉతికే మాటే లేదు.

ఇక్కడ వైరు ఉండదు. కుట్టే దారమే వైరు. లతలో కాడగా కనిపించే గీతలోనే కరెంటు వెళ్తుంది. పైగా ఊరికే వెలగడం కాదు, వేసుకున్న మనిషి చేసే పనికి బట్ట స్పందిస్తుంది. చెయ్యి పెడితే, తిరిగితే, చీకటి పడితే ఒక్కోదానికి ఒక్కోలా.

1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డెనిమ్ జాకెట్ మీద స్టీలు దారంతో అంకెలు ఎంబ్రాయిడరీ చేసి, వాటిని తడితే సంగీతం వచ్చేలా చేశారు. ఇళ్ళలో కుట్టుకునేవాళ్ళ చేతికి ఇది వచ్చింది మాత్రం 2007లో, లియా బ్యూక్లీ అనే పరిశోధకురాలు రూపొందించిన లిలీప్యాడ్ బోర్డు, అంటే ఎల్ఈడీలనీ సెన్సర్లనీ నడిపించే చిన్న కంప్యూటర్ లాంటిది, మార్కెట్లోకి వచ్చాక. పువ్వులా గుండ్రంగా ఉండే ఆ బోర్డు అంచు చుట్టూ సూది దూరేంత రంధ్రాలు ఉంటాయి. అంతకుముందు బోర్డులన్నీ సోల్డరింగ్ (లోహాన్ని కరిగించి వైర్లు అతికే పని) చేసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇది సూది పట్టేవాళ్ళ కోసం చేసింది. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మన జరీలో కరెంటు పారుతుందా?

అందరికన్నా ఎక్కువగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు జరీని బట్టి ఉంటుంది.

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ సన్నటి వెండి రేకు చుట్టి, పైన బంగారు పూత వేసినది. అది నిక్షేపంగా కరెంటు తీసుకెళ్తుంది. ఎంఐటీ వాళ్ళు తొలి రోజుల్లో వాడిన బట్టల్లో లోహపు రేకు చుట్టిన దారంతో నేసిన పట్టు ఆర్గంజా కూడా ఉంది. పని చేసే సూత్రం మన జరీదే. మన అమ్మమ్మలు ఒంటికి చుట్టుకుని తిరిగింది ఆ సరుకే.

ఇమిటేషన్ జరీలో లోపల రాగి ఉంటుంది, పైన వెండి పూత, దాని మీద బంగారు రంగు కోటింగు. రాగి ఉంది కదా అని ధైర్యంగా కుడితే ఒక్కోసారి ఆ కోటింగు అడ్డుపడుతుంది. ఒకచోట పారుతుంది, ఇంకోచోట పారదు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ప్లాస్టిక్ జరీ. మెరుపే తప్ప దాంతో మన పని కాదు.

తేల్చుకోవడం తేలిక. కరెంటు పారుతుందో లేదో చూపే మల్టీమీటర్ అనే చిన్న పరికరం చాలు. మల్టీమీటర్‌ని బీప్ కొట్టే సెట్టింగులో పెట్టి, జరీ మీద జానెడు దూరంలో రెండు ముళ్ళూ ఆనించండి. బీప్ వస్తే లోహం ఉన్నట్టే.

ఈ పరీక్ష చేయకుండా ఒకసారి నిండా మునిగాను. పెళ్ళికూతురి బ్లౌజు, చేతులకి పెద్ద జరీ అంచు. భుజం దగ్గర బ్యాటరీ, అంచు మీద నాలుగు మొగ్గలు. ప్లస్ దారం, మైనస్ దారం రెండూ ఆ అంచు మీదుగా తీసుకెళ్ళి కుట్టాను. మూడు రాత్రుల పని. బ్యాటరీ పెట్టగానే ఒక్క మొగ్గా వెలగలేదు, బిళ్ళ బ్యాటరీ మాత్రం వేడెక్కింది. అది పాతకాలపు మంచి జరీ. రెండు దారాలనూ కలిపేసి షార్ట్ చేసింది. ముహూర్తం మర్నాడు. టెన్షన్‌తో చేతులు వణుకుతుంటే, పిన్ని పక్కన కూర్చుని కుట్లు ఒక్కొక్కటే విప్పి, అంచు మీద సన్నటి లైనింగ్ పట్టీ వేసి మళ్ళీ కుట్టింది. అప్పటినుంచి బట్ట ఏదైనా సరే, ముందు మీటర్, తర్వాతే సూది.

మరి ఏ దారం కొనాలి?

రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు దారం. బూడిద రంగులో, కొంచెం బరుసుగా ఉంటుంది. నల్లబడదు, ఉతుకుళ్ళకు ఆగుతుంది. రెండోది నైలాను మీద వెండి పూత వేసిన దారం. మెత్తగా ఉంటుంది, చక్కగా కుట్టుపడుతుంది, కానీ చెమటకీ గాలికీ నెమ్మదిగా నల్లబడుతుంది. బ్లీచ్ తగిలితే ఇక అంతే. మొదటిసారి కుట్టేవాళ్ళకి నేను స్టీలే చెబుతాను.

దారం కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో, అంటే దాని నిరోధాన్ని, ఓమ్‌లలో కొలుస్తారు. కొనేటప్పుడు మీటరుకి ఎన్ని ఓమ్‌లో చూడండి. రకాన్ని బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల దాకా ఉంటుంది. ఎంత తక్కువైతే అంత మంచిది.

ఏ కుట్టు వెయ్యాలి?

పని నిలబడుతుందా ఊడిపోతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే వాటిలో చాలావరకు సర్క్యూట్ తప్పులు ఉండవు. కుట్టు వదులైందో, ముడి జారిందో, దారం పీచు లేచి పక్క దారాన్ని ముట్టుకుందో, అంతే. ఇంజినీరింగ్ పిల్లలకి ఇది నచ్చజెప్పడానికి తంటాలు పడుతుంటాను. మగ్గం మీద ముప్పై ఏళ్ళు కూర్చున్న చేతికి మాత్రం చెప్పక్కర్లేదు.

ఆరీ సూదితో గొలుసు కుట్టు వేద్దామని అందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే అలవాటైంది అదే. స్టీలు దారానికి అది పనికిరాదు. ఆరీ కొక్కెం దారంలోని పోగుల్ని చీలుస్తుంది. పైగా గొలుసు కుట్టులో చివర ఒక్కచోట తెగితే వరసంతా సర్రున ఊడి వస్తుంది.

దీనికి సరైనది జర్దోసీ వాళ్ళ పద్ధతి. కరెంటు దారాన్ని బట్ట మీద గీత వెంబడి పరచండి. మామూలు పట్టు దారంతో, బియ్యపు గింజంత ఎడంలో, అడ్డంగా చిన్న చిన్న కుట్లు వేసి దాన్ని కట్టేయండి. లాగుడంతా పట్టు దారం మీదే పడుతుంది. కరెంటు దారం హాయిగా పడుకుని ఉంటుంది. రేపు మార్చాల్సి వచ్చినా, పై కుట్లు కత్తిరిస్తే బట్టకి పెద్దగా చిల్లులు పడకుండా వచ్చేస్తుంది.

ఎల్ఈడీ దగ్గరా బోర్డు దగ్గరా మాత్రం రంధ్రంలోంచి నాలుగైదు సార్లు సూది దూర్చి, గట్టిగా బిగించి కుట్టండి. లోహానికి లోహం ఆనాలి. ముడి వేశాక దాని మీద రంగులేని గోళ్ళ పాలిష్ ఒక చుక్క వేసి ఆరనివ్వండి. స్టీలు దారానికి స్ప్రింగు గుణం ఉంటుంది, ముడి తనంతట తనే విచ్చుకుంటుంది. ఆ చుక్క దాన్ని పట్టుకుంటుంది. ఆరాక తోక పొట్టిగా కత్తిరించండి. పొడుగ్గా వదిలిన తోకలే తర్వాత షార్టులు.

మిషన్ మీద కుట్టేవాళ్ళు కరెంటు దారాన్ని బాబిన్‌లో పెట్టి, పైన మామూలు దారం వాడాలి.

ఎలక్ట్రానిక్స్ అస్సలు రాదు. దేనితో మొదలుపెట్టాలి?

ఒక్క పువ్వు, ఒక్క ఎల్ఈడీ, ఒక్క బిళ్ళ బ్యాటరీ. చేతి రుమాలు మీద.

ఎల్ఈడీకి రెండు కాళ్ళు ఉంటాయి. పొడుగుది ప్లస్, పొట్టిది మైనస్. సన్నమూతి పట్టకారుతో పొడుగు కాలిని జిలేబీలా గుండ్రంగా చుట్టండి. పొట్టి కాలిని నలుచదరంగా వంచండి. ఇలా ఎందుకంటే, కుట్టేశాక పొడుగూ పొట్టీ తెలియదు. గుండ్రం ప్లస్, చదరం మైనస్ అని వేళ్ళకి తగిలినా తెలుస్తుంది. ఇప్పుడు అవి సూది దూరే కన్నాలు కూడా అయ్యాయి. గుండ్రం నుంచి ఒక దారం బ్యాటరీ హోల్డరు ప్లస్‌కి, చదరం నుంచి వేరే దారం మైనస్‌కి. రెండు దారాలూ ఎక్కడా తగలకూడదు. బిళ్ళ పెట్టండి. వెలుగుతుంది.

బిళ్ళ అంటే సీఆర్2032, 3 ఓల్టులది, రూపాయి బిళ్ళలా ఉంటుంది. దానిలో ఉండేది సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. రెండు ఎల్ఈడీలు కలిసి 10 మిల్లీ ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం ఇరవై గంటలు రావాలి. ఇంత కరెంటు లాగితే అది పూర్తిగా ఇవ్వదు కానీ, ఒక పెళ్ళి రాత్రికి బెంగలేదు. నాలుగైదు ఎల్ఈడీలకు మించి ఒక బిళ్ళ మీద వెయ్యకండి.

ఎర్ర పువ్వు వెలుగుతోంది, దాని పక్కన నీలం వెలగడం లేదు. కాలిపోయిందా?

కాలిపోలేదు. ఎరుపు, పసుపు ఎల్ఈడీలకు 2 ఓల్టుల చుట్టుపక్కల చాలు. నీలం, తెలుపు, చాలా రకాల ఆకుపచ్చలకు 3 దాకా కావాలి. రెండిటినీ ఒకే దారం మీద పక్కపక్కన పెడితే ఎరుపు కరెంటంతా తాగేసి ఓల్టేజీని కిందికి లాగేస్తుంది. ఒక బిళ్ళ మీద ఒకే జాతి రంగులు వాడండి.

బ్యాటరీకి దూరంగా ఉన్న పువ్వు మసకగా ఉంటే అది దారం చేసే పని. మీటరుకి 40 ఓమ్‌ల దారంలో 10 మిల్లీ ఆంపియర్లు వెళ్తే మీటరుకి 0.4 ఓల్టు దారిలోనే పోతుంది. రానూపోనూ కలిపితే 0.8. ఇక తెల్ల ఎల్ఈడీకి మిగిలేది ఏముంది? అదే దారిలో ఇంకో దారం జోడించి పరిస్తే నష్టం సగానికి తగ్గుతుంది. నేను లతల కాడలకి ఎప్పుడూ రెండు పోగులు వేస్తాను, లావుగా అందంగానూ కనిపిస్తుంది.

ముట్టుకుంటే, కదిలితే స్పందించాలంటే ఖరీదైన సెన్సర్లు కొనాలా?

చాలావరకు మీ కుట్టు డబ్బాలోనే ఉన్నాయి.

బ్లౌజు హుక్కు లోహం, అది తగిలే కాజా కొక్కెమూ లోహమే. అవి రెండూ కలిస్తే సర్క్యూట్ పూర్తవుతుంది. హుక్కు పెట్టుకోగానే వీపు మీది పువ్వు వెలుగుతుంది. టిచ్ బటన్ ఇంకా గట్టి స్విచ్, టక్కుమని పడుతుంది. వెనక తాళ్ళకి కట్టే హ్యాంగింగ్స్ ఉంటాయి కదా, వాటిలో ఒకదాన్ని కాస్త పెద్ద గుడ్డ మూటలా కుట్టి బ్యాటరీని అందులో దాస్తాను. 20 మిల్లీమీటర్ల వెడల్పు, మూడు గ్రాముల బరువు, ఎవరికీ తెలియదు. తాడు చివర టిచ్ బటన్ పెడితే హ్యాంగింగ్ మొత్తం ఊడి వస్తుంది.

నాకు బాగా ఇష్టమైనది గజ్జె. ఒక చిన్న ఇత్తడి గజ్జెని కరెంటు దారానికి వేలాడదీసి, దాని చుట్టూ పూరేకుల ఆకారంలో కరెంటు పారే గుడ్డ ముక్కలు అతికాను. కూచిపూడి నేర్చుకునే పాప కోసం చేశాను. పాప ఎటు వంగితే గజ్జె అటు ఊగి ఆ రేకుని తాకుతుంది, ఆ వైపు దీపం వెలుగుతుంది. పాప మొదట్లో వెలుగు కోసం వంగేది. వారం తిరిగేసరికి భంగిమ సరిగ్గా పట్టిందో లేదో ఆ వెలుగు చూసి దిద్దుకోవడం మొదలుపెట్టింది. నేను అనుకున్నది అది కాదు, పాపే కనిపెట్టింది.

నొక్కుడు తెలియాలంటే వెలోస్టాట్ అనే నల్ల షీటు ఉంది, ఎలక్ట్రానిక్ భాగాలని చుట్టి పంపడానికి వాడేది. దాన్ని రెండు కరెంటు గుడ్డల మధ్య పెట్టి కుడితే, గట్టిగా నొక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. సాగుడు తెలియాలంటే అల్లిక కావాలి. క్రోషా సూదితో కరెంటు దారాన్ని అల్లితే, ముక్క సాగినప్పుడు అల్లికలోని ఉచ్చులు ఒకదానికొకటి ఆనే తీరు మారి నిరోధమూ మారుతుంది. మోచేయి వంచినా తెలిసిపోతుంది. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ చేతిలో ఉచ్చులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో వస్తాయి. సెన్సరుకి కావాల్సిందీ అదే, ప్రతి ఉచ్చూ ఒకేలా ఉండటం. నేను అల్లిన ముక్క ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది.

కోడింగ్ తప్పదా?

పైన చెప్పిన హుక్కుకీ గజ్జెకీ అక్కర్లేదు. వెలుగు మెల్లగా పెరగాలి, తడితే పాట రావాలి అంటే చిన్న బోర్డు, కాస్త ప్రోగ్రామ్ కావాలి. పిల్లల కోసం చేసిన మైక్రోబిట్‌తో మొదలుపెట్టండి. తెర మీద బ్లాకులు ఒకదానికొకటి తగిలించడమే, టైపు చేసే పని లేదు. దాని అంచున పెద్ద రంధ్రాలున్నాయి, సూదీ దారంతో కుట్టేయవచ్చు. కొన్ని బోర్డులు వేలి స్పర్శని కూడా పట్టుకుంటాయి. అప్పుడు మంచి జరీ బుటానే మీట అవుతుంది.

షాక్ కొడుతుందా? చెమట పడితే?

3 ఓల్టులు మనిషికి తెలియను కూడా తెలియవు. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి దారాల మధ్య కాస్త కరెంటు కారుతుంది, స్పర్శ సెన్సర్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి. లోపల లైనింగ్ వేస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది, దాని గురించి నేను గట్టిగా చెబుతాను. పసిపిల్లలు బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే అవకాశం ఉంది. ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల బట్టల్లో బ్యాటరీ జేబుని వేళ్ళతో తెరవగలిగేలా కుట్టకండి. స్క్రూ బిగించే హోల్డరు వాడండి, లేదా ఆ కాసేపటికి జేబు నోరు కుట్టేసి తర్వాత విప్పండి. పాత బిళ్ళలు కూడా డ్రాయరులో పడెయ్యకండి. మింగారని అనుమానం వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

లిథియం పాలిమర్ బ్యాటరీలు, అంటే పల్చటి వెండిరంగు సంచుల్లా ఉండేవి, ఒంటి మీద వేసుకునే వాటిలో కొత్తవాళ్ళు వాడొద్దు. సూది గుచ్చుకున్నా, నలిగినా మంట అంటుకోవచ్చు.

ఉతకవచ్చా?

బ్యాటరీ, బోర్డు తీసేసి, చల్లటి నీళ్ళలో తక్కువ సబ్బుతో చేత్తో ఉతకండి. పిండకుండా నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాకే బ్యాటరీ పెట్టండి. నేనైతే ఇంకో రోజు ఆగుతాను. ఇస్త్రీ తిరగేసి, దారాల మీద పడకుండా.

ఇలా చేయడం హస్తకళని పాడు చేయడం కాదా?

నన్ను ఈ ప్రశ్న అడిగింది ఒక చేనేత కుటుంబంలోని పెద్దాయన. తేలిగ్గా తీసుకోలేను.

యంత్రం వచ్చినంత మాత్రాన కళ పోదు. చింతకింది మల్లేశం గారు ఆసు పోయడానికి, అంటే చీర నేసే ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ వేల సార్లు తిప్పడానికి, వాళ్ళ అమ్మ పడే కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి చీర ఆయన వల్ల పాడవలేదు, ఎందరో ఆడవాళ్ళ భుజాల నొప్పి తగ్గింది. కళకి నష్టం జరిగేది మనం పనివాళ్ళని పక్కన పెట్టినప్పుడు. లంబాడీ కుట్టు మీద ఎల్ఈడీలు పెట్టి దానికి కొత్త పేరు పెట్టుకుని, కుట్టిన అమ్మకి గజం లెక్కన కూలి ఇచ్చి పంపేస్తే అది అన్యాయం. నాతో పనిచేసే మగ్గం మాస్టారికి డిజైన్‌లోనూ పేరు ఉంటుంది, డబ్బులోనూ వాటా ఉంటుంది. దారం ఎటు నుంచి ఎటు వెళ్ళాలో తేల్చేది ఆయనే. నా కాగితం మీది గీతలు ఆయన చాలాసార్లు కొట్టేశారు, ప్రతిసారీ ఆయనే కరెక్టు.

కుట్టడం కాకుండా నేతలోనే కలపవచ్చా?

వీలుంది. ఉప్పాడ జాందానీ పద్ధతి దీనికి చాలా అనువైనది. పడుగు పేకలు మామూలుగానే ఉంటాయి. బుటా ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే అదనపు పేక చేత్తో వేస్తారు. ఆ పేక కరెంటు దారమైతే బట్టలో విడివిడి దీవుల్లా సెన్సర్లు వస్తాయి, ఒకదానికొకటి తగలవు. కాకపోతే మగ్గం మీద ప్రయోగమంటే నేతగాడి రోజులు ఖర్చవుతాయి. ఆ రోజులకి ముందే డబ్బు కట్టి మొదలుపెట్టండి.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఎల్ఈడీలు, బిళ్ళలు, హోల్డర్లు, మల్టీమీటర్ హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్. కరెంటు దారం, వెలోస్టాట్ ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. దారమే అన్నిటికన్నా ఖరీదు కాబట్టి ముందు మామూలు దారంతో మొత్తం ఒకసారి కుట్టి చూసుకోండి.

విమానంలో వేసుకెళ్ళవచ్చా?

వేసుకోకండి, సెక్యూరిటీ దగ్గర ఆలస్యమవుతుంది. బ్యాటరీ తీసి, బట్టనీ బ్యాటరీనీ చేతి సంచిలో పెట్టుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సామానులో పెట్టకూడదు. అమెరికా వెళ్ళే బతుకమ్మ డ్రెస్సులకి నేను సర్క్యూట్ బొమ్మ గీసిన చిన్న కాగితం కూడా జతచేసి ఇస్తాను.

మా అమ్మమ్మ పట్టుచీర మీద చేసిస్తారా?

చెయ్యను. చాలామంది నొచ్చుకుంటారు, కానీ ఈ ఒక్క విషయంలో నేను ససేమిరా.

గూగుల్ వాళ్ళు లీవైస్‌తో కలిసి 2017లో ఒక జాకెట్ తెచ్చారు, చేతి అంచు తడిమితే ఫోన్‌లో పాట మారేది. 2023లో ఆ యాప్ ఆపేశారు. జాకెట్ బట్ట ఇంకా దిట్టంగానే ఉంది, తెలివి మాత్రం పోయింది. పట్టుచీర మూడు తరాలు ఉంటుంది. నేను పెట్టే బోర్డు ఎన్నేళ్ళు పనిచేస్తుందో, ఆ రకం బ్యాటరీ అప్పటికి దొరుకుతుందో లేదో నాకే తెలియదు. అందుకని ఎలక్ట్రానిక్స్ అన్నీ ఊడి వచ్చేలాగే చేస్తాను.

పాత చీర తెచ్చినవాళ్ళకి నేను చేసే పని ఇది. సిద్దిపేట గొల్లభామ చీర తెచ్చిన ఒకామెకి, చీరని సూదితో ముట్టుకోకుండా, అదే రంగు పట్టు ముక్క మీద అరచేతిలో పట్టేంత గొల్లభామని కుట్టాను. నెత్తి మీది కుండలో ఒక పసుపు ఎల్ఈడీ, వెనక బిళ్ళ, ఒక మామూలు చీర పిన్ను. కొంగు మడతల మీద పెట్టుకుంటే చీరలోని బొమ్మల వరసలో అదీ ఒకటిలా కలిసిపోతుంది. ఇంటికెళ్ళాక చీర బీరువాలోకి, గొల్లభామ వేరే డబ్బాలోకి. బిళ్ళ తీసి పెట్టమని డబ్బా మూత లోపల రాసి ఇచ్చాను.